గేటు దగ్గర మోగిన హారన్

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. ఇది కల్పించింది కాదు... నాకు అన్నం పెట్టే టెస్టు లైటు మీద ఒట్టు. కల్పించేవాణ్నయితే నన్ను నేను ఇంత పిరికివాడిగా చెప్పుకుంటానా?

దిల్‌సుఖ్‌నగర్‌లో నాది కార్ల ఎలక్ట్రికల్ పని. మా పెదనాన్న కూతురు సుజాతక్క అల్మాస్‌గూడలో ఉంటుంది. పోయిన ఎండాకాలంలో బావ గుండెపోటుతో పోయాడు. ఆయన పాత కారు ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉండిపోయింది. అక్క పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. కాలనీ పిల్లల్ని బడికి దింపి ఆ కారుతోనే బతకాలని ఆమె ఆశ. కానీ ఆ కారు... రాత్రిపూట దానంతటదే హారన్ కొట్టడం మొదలుపెట్టింది. మొదలైతే ఆగదు. ఒకటే అరుపు. "మీ ఆయన యాడికి పోలేదమ్మా, కార్లనే ఉన్నడు" అన్నారు ఇరుగుపొరుగు. ఆ మాట విన్నాక ఏ తల్లి తన బిడ్డను అందులో ఎక్కిస్తుంది? అక్క మరిది అప్పుడే కొనేవాణ్ని కూడా మాట్లాడి పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వస్తారట.

"శీనూ, ఇయ్యాల రాత్రికి జర రారా. షార్టో, ఇంకేమన్ననో... నువ్వే చూడాలె" అని అక్క ఫోన్ చేసింది.

"షార్టే అక్కా. దయ్యానికి బ్యాటరీతోని పనేంది?" అన్నాను. నా నోటికి హద్దు ఎక్కడుంది.

వెళ్లేసరికి వీధి సద్దుమణిగింది. ఫోన్ టార్చి వెలిగించి బానెట్ పక్కన నిలబెట్టాను. అక్క స్టూలు వేసుకుని కూర్చుంది. గాలి వీచింది... హారన్ అందుకుంది. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోయాను. హారన్ ఫ్యూజు పీకగానే ఆగింది. పెడితే మళ్లీ అరుపు. స్టీరింగు దగ్గర బటన్ వైరు తీసేశాను. అయినా అరుపే. ఇక మిగిలింది ముందున్న హారనే. వంగి చూశాను.

దిష్టి తగలకుండా అక్క కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. కూడలిలో అమ్మే దండ అది, గుచ్చింది దారంతో కాదు, ఇనుప తీగతో. ఆ తీగను అక్క నంబరు ప్లేటు ఇనుప పట్టీకి చుట్టింది. మిగిలిన కొస కారు ముందు జాలీలోంచి లోపలికి పోయి, గాలికి ఊగినప్పుడల్లా హారన్ టెర్మినల్‌కు తగులుతోంది. ఆ పాత కారులో అలా బాడీకి కలిస్తే చాలు, బటన్ నొక్కినట్టే. దిష్టికి కట్టిందే దయ్యమై కూర్చుంది.

"దొర్కింది అక్కా నీ దయ్యం!" పగలబడి నవ్వాను.

"గంతేనా?" అంది అక్క. ఆమె నవ్వలేదు.

తీగ కత్తిరించి పారేశాను. టెర్మినల్‌కు టేపు చుట్టాలని బ్యాటరీ విప్పి కింద పెట్టాను. ఎడమ చేత్తో హారన్ పట్టుకున్నాను. గాలి ఆగిపోయింది. రేకుల మీద ఎక్కడో ఒక నీటి చుక్క... టప్. మళ్లీ ఏమీ లేదు.

పీప్... పీప్.

చిన్నగా. రెండే సార్లు. ఇందాకటి అరుపు కాదది... ఎవరో వేలితో మెల్లగా నొక్కినట్టు.

కిందికి చూశాను. బ్యాటరీ నా కాళ్ల దగ్గరే ఉంది. వైర్లు రెండూ వేలాడుతున్నాయి. అరచేతి కింద హారన్ అదిరిందో... నాకే అలా అనిపించిందో...

అక్క లేచింది. కొంగు సర్దుకుంది. గేటు దాకా నడిచింది. గడియ తీసిన చప్పుడు... కిర్రుమంటూ గేటు తెరిచిన చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంటికొచ్చినప్పుడు గేటు తీయమని బావ అలాగే కొట్టేవాడు. రెండే సార్లు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ తెరిచిన గేటులోంచే పరుగెత్తాను. అడ్డంగా ఉన్న అక్కను భుజంతో నెట్టి మరీ పరుగెత్తాను. చెప్పులు లేవు. బైకు అక్కడే. మెయిన్ రోడ్డు మీద ఎవరో బండి ఆపితే ఎక్కి ఎల్బీ నగర్ మెట్రో కింద దిగాను. జిల్లాల బస్సులు దిగే జనం మధ్య తెల్లారేదాకా కూర్చున్నాను.

పొద్దున వెళ్లేసరికి మరిది గేటు దగ్గర ఉన్నాడు. "షార్టేనట. మా తమ్ముడు పట్టిండు. కారు అమ్మేది లేదు" అని అక్క అతనితో చెబుతోంది. నా పరువు కూడా ఆమే కాపాడింది. అతను వెళ్లాక మెల్లగా అడిగాను.

"అక్కా... రాత్రి నీకు ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

"భయం గాలేదా?"

"మీ బావైతే నాకేం భయంరా? ఆ మోగేది ఆయన గాకపోతే ఎట్ల అని... నీకు ఫోన్ చేసిన. రాత్రి ఆ రెండుసార్లు మోగింది గీ షెడ్డులనే, బయట కాదు."

తలెత్తలేకపోయాను.

బ్యాటరీ లేకుండా మోగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక వీధిలో ఎవరి బండో కావచ్చు... కాకపోవచ్చు. కారు బాగానే తిరుగుతోంది, పిల్లలు ఎక్కుతున్నారు. దారిలో కనబడితే అక్క ఆపి నన్నూ ఎక్కమంటుంది. పనుందని తప్పించుకుంటాను. కారుకు భయపడి కాదు, అక్క పక్కన కూర్చునే ముఖం లేక.