పెన్సిల్‌తో రాసిన పేరు

మనుమరాలు ఫోన్ల విదేశీ స్కాలర్‌షిప్ ఫారం తెరిచి పేరు రాస్తుంటే, నాకు ఇప్పటికీ దడ పుడ్తది.

ధూల్‌పేట బడిల నేనప్పుడు మూడో తరగతి. పరదేశపు బడి ఒకటి మాకు బొమ్మల పుస్తకాలు పంపుతదని టీచరమ్మ ఒక కాయితం మీద పెన్సిల్‌తోని మా పేర్లు రాసుకున్నది. ఆ నెలనే అక్క పెండ్లయితే, మా రేషన్ కార్డుల ఆమె పేరు కొట్టేసి అత్తగారి కార్డుల ఎక్కించిన్రు. నా పేరు పరదేశం పోతే ఇంట్ల నన్ను గూడ గట్లనే కొట్టేస్తరనుకున్న. టీచరమ్మ బయటికి పోంగనే, చెమట పట్టిన వేలితోని నా పేరు తుడిపేసిన.

పార్శిల్ వచ్చింది. ఒక్కో పుస్తకం మీద ఒక్కో పిల్ల పేరుండె. అన్నీ పంచినంక టీచరమ్మ నా దిక్కు చూసింది.

"నీ పేరేదే? ఎలుక తిన్నదా?"

అందరు నవ్విన్రు. నేను ఆ వేలు ఎనకకు దాచుకున్న.

ఒక్క పేరు రెండు కాయితాల మీద ఉండొచ్చా అని అప్పుడే అడిగితే అయిపోతుండె. అడగలే. పుస్తకం పోయింది, ఆ ఏడే ఇంట్ల మాన్పిస్తే బడి గూడ పోయింది.