చింతగింజల చదరం

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చి నా ఒళ్లో పడేసింది. బడిలో గణిత సభట, లెక్కలు చదివితే ఏమేం కావచ్చో చెబుతారట, ఊళ్లో పెద్దవాళ్లు కూడా రావచ్చునట. కింద ముఖ్య అతిథి ఫొటో ఉంది. కళ్లజోడు పెట్టుకొని చూద్దును కదా, మా మేనత్త కూతురు, నా మరదలు. హైదరాబాదులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు తూప్రాన్ అనీ శివ్వంపేట అనీ బడిబడికీ తిరిగి ఆడపిల్లలకు లెక్కల మీద మనసు పుట్టిస్తోంది. నేను సంతోషించాలి. ప్రభువు నాకు ఏ లోటూ చేయలేదు, పూటపూటకూ స్తోత్రం చెప్పుకొనే మనిషిని. అయినా ఆ ఫొటో చూసేసరికి, ఈ వయసులో కూడా, కాగితం బోర్లా తిప్పి పెట్టాను.

నా తోటివాళ్లకు చెబితే అర్థమవుతుంది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం, వానాకాలం వచ్చిందంటే వీధి చివరిదాకా నడవలేకపోయేదాన్ని, అందుకని బడికి పంపలేదు. చర్చి కాంపౌండు బడిలో పంతులుగా చేసే నాయన సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే నా పలక అందుకునేవాడు. అమ్మ చింతపండు కొట్టి తీసిన గింజలే నా కూడికలూ తీసివేతలూ. పక్కింట్లో ఉండే ఈ మరదలు నాకంటే రెండేళ్లు చిన్నది. రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకొని మా గుమ్మం ముందు నుంచే బడికి పోయేది. ఆ రిబ్బన్లు చూసి ఎంత కుళ్లుకునేదాన్నో ఆ దేవుడికే తెలుసు. కానీ లెక్కల్లో నేనే గట్టి. రాని లెక్క ఏదున్నా పుస్తకం చంకన పెట్టుకొని నా దగ్గరికే వచ్చేది. నాకున్నది అదొక్కటే.

ఒక ఏడు వాళ్ల బడిలో ఊరందరి కోసం లెక్కల ప్రదర్శన పెట్టారు. "వదినా, జర ఏమన్న చెప్పరాదు, టీచరమ్మ నా పేరు రాస్కున్నది" అని వెంటపడితే, నేను ఆడుకుంటూ కనుక్కున్నది చూపించాను. ఒక చింతగింజ, దాని పక్కనొకటి, కిందొకటి, మూలనొకటి కలిపి మూడు, ఆ పైన ఐదు, ఆ పైన ఏడు. ఇట్లా బేసి లెక్కన పేర్చుకుంటూ పోతే ప్రతిసారీ నిండు చదరమే వస్తుంది. ఇద్దరం కలిసి అట్ట మీద గింజలు అంటించాం.

ఆ రోజు నాయన నన్ను శాలువా కప్పి తీసుకుపోయాడు. మరదలు బెత్తం పట్టుకొని బట్టల కొట్టాయనకూ, దవాఖాన నర్సమ్మలకూ చూపిస్తుంటే, మస్తు చెప్పింది పిల్ల అని అందరూ అన్నారు. ఇంతలో హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దసారు అట్ట మీదికి వంగి, "ఎప్పుడు చూసినా చదరమే ఎందుకొస్తది బిడ్డా?" అని అడిగాడు. బెత్తం ఆగిపోయింది. మరదలు నా వైపు చూసింది. జవాబు నా నాలుక చివర ఉంది. నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

"తెల్వదు సార్. తెలుసుకుంటా" అంది మరదలు.

ఆయన కోపగించుకోలేదు. నలుగురిలో తెల్వదని చెప్పిన పిల్లను లెక్కల్లోనే చదివించమని అక్కడే మా మామయ్యకు గట్టిగా చెప్పి, మరదలి పేరు నోటుబుక్కులో రాసుకున్నాడు.

మర్నాడు అది మా ఇంటికొచ్చి ఎందుకని అడిగితే, నాకూ తెల్వదన్నాను. రోజూ రెండు పూటలా ప్రార్థన చేసుకొనేదాన్ని, అంత సులువుగా అబద్ధం ఎట్లా ఆడానో. మరదలు మధ్యాహ్నమంతా మా అరుగు మీద గింజలు పేర్చి, చెరిపి, మళ్లీ పేర్చి, చివరికి తనే పట్టుకుంది. కొత్త వరుస వేసిన ప్రతిసారీ అటొక గింజ, ఇటొక గింజ పెరుగుతుంది, మూలది మాత్రం ఒకటే. నేను అనుకున్నదే, అక్షరం తేడా లేదు. నా చేతులు పట్టుకొని గంతులు వేసింది. నేను కనుక్కున్న రోజు నాతో గంతులు వేయడానికి ఎవరూ లేరు.

గణిత సభ రోజు మనవరాలి బడికి పోయి వెనక వరుసలో కూర్చున్నాను. వానల అంచనా వేయాలన్నా, మందు పనిచేస్తుందో లేదో తేల్చాలన్నా, బీమా లెక్క కట్టాలన్నా లెక్కలు చదివినవాళ్లే కావాలని మరదలు పిల్లలకు చెప్పి, చివర ఆ అరుగు మీది మధ్యాహ్నం సంగతి చెప్పింది. తనంతట తాను కనుక్కున్న ఆ సంతోషమే ఇంతదూరం నడిపించిందట. చప్పట్లు ఆగలేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

సభ అయ్యాక వరండాలో దాని చెయ్యి పట్టుకొని, "ఆనాడు నాకు తెలుసే, కావాల్ననే చెప్పలే" అన్నాను.

"నాకెరుకే వదినా. తెల్వనోళ్లందరు నా మొకం దిక్కు చూసిండ్రు. నువ్వొక్కదానివే కిటికీల కెళ్లి బయటికి చూసినవ్."

"మరి తెల్లారి ఎందుకడిగినవే?"

"చెప్తవేమోనని" అంది. నవ్వుతూనే అంది.

ఇంటికి నడిచి వస్తూ ఆ ఒక్క మాటే నెమరేసుకున్నాను. సభలో మరదలు ఏదైనా అడిగినప్పుడల్లా ఆ హాల్లో పది చేతులు లేచాయి. మా మనవరాలు రెండుసార్లు తప్పు చెప్పి, నవ్వి, మూడోసారి కూడా చెయ్యెత్తింది. మా కాలంలో ఒక్క జవాబు దొరికితే దాన్ని కొంగున ముడేసుకొని దాచుకున్నాం, అదీ పోతే మనకేం మిగులుతుందని. ఈ పిల్లలకు ఆ భయం లేదు. వీళ్లను ఇట్లా పెంచుతున్నందుకు ప్రభువుకు స్తోత్రం. కాని నిజం చెప్పొద్దూ, ఆ చేతులన్నీ ఒక్కసారి పైకి లేచినప్పుడు మరదలి మీద ఉన్న కుళ్లంతా వాటి మీదికి మళ్లింది.