ఫలేసి విప్పుకున్న పెళ్ళి

ఫలేసి సంగతి అడిగితే మా కంబేంజేలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ముసలితనంలో మొగుణ్ణి వదిలేసిందని కొందరు, ఒట్టి పంతం మనిషని కొందరు. చెప్పుకోనీండి, నోళ్ళు వాళ్ళవి. ఆ నెలంతా దగ్గరుండి చూసినదాన్ని నేను. ఊరికి వచ్చిన పాస్టరుగారి బృందానికి వండిపెట్టిందీ నేనే, ఫలేసి పక్కన కూర్చుని పప్పు ఏరిందీ నేనే. నా పేరు ఎనెలేసి. మా తమ్ముడు సామిసోని ఈ ఊరి చర్చికి ఉపదేశి.

ఫలేసిది ఏటి అవతలి ఊరు. సౌలోసిని చేసుకుని ఇటు వచ్చింది. వచ్చిన ఏడే బాప్తిస్మం పుచ్చుకుని అమ్మల సంఘంలో చేరింది. తెల్ల రవిక, ఎర్ర తలగుడ్డ మా సంఘం గుర్తు. ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు పోయినా కబురు ముందు ఫలేసికే వెళ్ళేది. పీనుగుకు నీళ్ళు పోయడానికి అయినవాళ్ళే జంకుతుంటే ఆమె కొంగు దోపుకుని ముందుకు వచ్చేది. సౌలోసి మాత్రం చర్చి గడప తొక్కలేదు. ఆదివారం మేమంతా పాటలు పాడుకుంటుంటే ఆయన కుక్కల్ని వెంటేసుకుని కొండెక్కేవాడు. ఫలేసి కళ్ళు మూసుకుని పైకే ప్రార్థించేది. "ప్రభువా, మా ఆయన్ని లాక్కురా. మాటతో రాకపోతే చెవి పట్టుకుని లాక్కురా!" ఆ ప్రార్థనకు ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం.

డోరికా తర్వాత వచ్చింది. మొజాంబిక్‌లో యుద్ధం ముదిరిన రోజుల్లో సరిహద్దు దాటి జనం గుంపులు గుంపులుగా వచ్చారు. అందులో ఒక పిల్ల. అమ్మానాన్నా, తోడబుట్టినవాళ్ళూ అందరూ దారిలోనే పోయారు. ఫలేసి ఆ పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మొక్కజొన్న సంకటి, ఆకుకూర పెట్టింది. ఇంట్లోనే ఉంచుకుంది. కొన్నాళ్ళకు సౌలోసి ఆ పిల్లను రెండో పెళ్ళి చేసుకుంటానన్నాడు.

అబ్బో, ఆ రోజు చూడాలి ఫలేసిని! కుండలు పగిలాయి. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే!" అని డోరికాను పట్టుకుని అరిచిన అరుపు ఏటి దాకా వినబడింది. అంతా అరిచి, ఏడ్చి, చివరికి తన అన్న ఎలెమియాకు కబురు పంపింది. మా వైపు పెళ్ళి పెళ్ళిపెద్ద చేతిలో ఉంటుంది. కట్టేటప్పుడు ఒక కోడి, విప్పేటప్పుడు ఒక కోడి. ఆడపిల్ల తరఫున పెళ్ళిపెద్ద నిలబడకపోతే ఆమె పెళ్ళామే కాదు, ఎప్పుడంటే అప్పుడు బయటికి గెంటేయొచ్చు. డోరికాకు నిలబడేవాడెవడు?

"ఎటూ నా నెత్తికెక్కుతోంది. దిక్కులేనిదానిలా ఎందుకెక్కాలి? నువ్వు నిలబడన్నా," అంది ఫలేసి. అలా ఎలెమియా ఇద్దరికీ పెళ్ళిపెద్ద అయ్యాడు.

తర్వాత కొన్నేళ్ళు ఒకే వాకిట్లో రెండిళ్ళు, రెండు పొయ్యిలు, రోజుకో రగడ. ఒక వానాకాలం ఫలేసికి జ్వరం తగిలి మంచం దిగలేకపోతే డోరికాయే ఎత్తింది, కడిగింది, తినిపించింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే డబ్బాలోంచి ముక్కుపొడి పీల్చేంత దగ్గరయ్యారు.

ఇక ఆ నెల సంగతి. బాప్తిస్మం ఇచ్చే అధికారం ఉన్న పాస్టరు మా కొండల్లోకి వచ్చి ఏళ్ళయింది. మా తమ్ముడు వాక్యం చెప్పగలడు గానీ ఆ నీళ్ళు పోయలేడు. వానలకు ముందు నెల రోజులుంటామని దూరదేశం నుంచి పాస్టరు హెన్రిక్ అయ్యగారు, ఒక నర్సమ్మ, ఇద్దరు వడ్రంగులు దిగారు. చర్చికి రేకుల కప్పు వేశారు, పిల్లలకు పాటలు నేర్పారు, చెట్టు కింద మందులిచ్చారు. అయ్యగారు కుర్రవాడు, మంచివాడే. మొదటి రోజు పొగలు కక్కే సంకట్లో వేళ్ళు పెట్టి కెవ్వుమన్నాడు. "మెల్లగా బాబూ, అదెక్కడికీ పారిపోదు," అన్నాను. మా తమ్ముడు ఆ మాట ఆయనకు తర్జుమా చెయ్యలేదు. మేక ఆయన టోపీ నమిలేస్తే ఊరంతా చేరి నవ్వింది, ఆయనా నవ్వాడు.

అప్పటికే సౌలోసికి కాళ్ళు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నర్సమ్మ గుండె విని, వచ్చే కోతల దాకా ఉండడం కష్టమని మా తమ్ముడితో చెప్పింది. మర్నాడు సౌలోసి అయ్యగారిని పిలిపించాడు.

"నాకూ బాప్తిస్మం ఇయ్యండి. మా ఫలేసి ఎక్కడ పడుకుంటుందో నన్నూ అక్కడే పడుకోబెట్టండి," అన్నాడు.

చర్చి వెనక పూడ్చే నేల బాప్తిస్మం పొందినవాళ్ళకే. వాళ్ళకే గంట మోగుతుంది, సంఘం పాడుతుంది. మిగిలినవాళ్ళది అడవి అంచు. ఆ మాట విని ఫలేసి వాకిట్లోకి పరుగెత్తి, మా వైపు సంబరానికి చేసినట్టు నాలుక ఆడిస్తూ కూతలు పెట్టింది. ఆ వయసులో గెంతింది. నేనూ గెంతాను, ఎందుకు దాచాలి?

సాయంత్రానికి అయ్యగారు తల వంచుకుని వచ్చారు. ఇద్దరు భార్యలున్నవాడికి బాప్తిస్మం లేదు. మొదటామెను ఉంచుకుని రెండో ఆమెను పంపేయాలి. "ఇది నా మాట కాదు, సంఘం కట్టడి," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, అబద్ధమాడను. కానీ నాకు ఒళ్ళు మండింది. కన్నీళ్ళ వల్ల డోరికాకు ఒరిగేదేమిటి?

డోరికా లోపలికి వెళ్ళింది. పార, ఒక కుండ, నడుముకు చుట్టుకునే మారు చితెంజె గుడ్డ మూట కట్టింది.

"నేను పోతాలే అక్కా. ఆయన్ని అడవి అంచున పారేయించనా నా కోసం?"

"ఎక్కడికి పోతావే?"

"వచ్చిన దారినే."

"ఆ దారిలో ఎవరున్నారని? మూట దించు. పెళ్ళిపెద్ద రాకుండా ఈ వాకిట్లోంచి ఎవరూ కదలరు," అంది ఫలేసి.

రెండు రోజులు ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత నా వంటపాకకు వచ్చి కుండ తోముతూ అడిగింది. "ఎనెలేసీ, మొగుణ్ణి వదిలిన ఆడదాన్ని మన సంఘం ఏం చేస్తుంది?"

"తెలీనట్టు అడుగుతావేం? తలగుడ్డ వెనక్కి తీసుకుంటుంది. ప్రభు భోజనం ఆపేస్తుంది. చచ్చినా గంట మోగదు."

"అడవి అంచే?"

"అడవి అంచే. అయినా డోరికా మన సంఘంలోనే లేదుగా, దానికి పోయేదేముంది?"

ఫలేసి తోమిన కుండనే మళ్ళీ తోమింది.

బృందం ఊళ్ళో ఉండే చివరి శనివారం సౌలోసి వాకిట్లో పెద్దలు కూడారు. సౌలోసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అయ్యగారికి ముక్కాలిపీట వేశారు. డోరికా తలొంచుకుని మూట పక్కన కూర్చుంది. ఎలెమియా చంకలో కోడిపెట్టతో ఏరు దాటి వచ్చాడు. అందరికీ నమస్కరించి, వాకిలి మధ్యకు నడిచి, కోడిని ఫలేసి ముందు దించాడు.

"ఈమె పెళ్ళి నేను కట్టాను. ఈమె అడిగింది. విప్పుతున్నాను," అన్నాడు.

వాకిలంతా గొల్లుమంది. మా తమ్ముడు లేచి, "మామా, పొరపాటు పడ్డావు. డోరికా అటు కూర్చుంది," అన్నాడు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి ఉపదేశీ."

ఫలేసి లేచింది. ఎర్ర తలగుడ్డ విప్పి, మడతపెట్టి, అయ్యగారి ఒళ్ళో పెట్టింది. నెరిసిన ఆమె జుట్టును నేను పగటి వెలుగులో చూడటం అదే మొదలు.

"ఒక్కతే ఉండాలన్నారు కదా అయ్యగారూ. ఒక్కతే ఉంది. ఇక ఆయనకు నీళ్ళు పోయండి."

"నేను చెప్పింది ఇది కాదమ్మా. మొదటి భార్య..." అంటూ ఆయన తడబడ్డారు.

"మొదటి పెళ్ళాన్ని నేనే. నేనే పోతున్నాను. నాకు అన్న ఉన్నాడు, మా అమ్మ చేను ఉంది. దానికి ఈ వాకిలి తప్ప ఏముంది? ఇన్నేళ్ళూ ఈయన్ని పిలవమని దేవుణ్ణి పీక్కుతిన్నాను. తీరా పిలిచాక, దాన్ని వీధిలో పడేసి ఆయన నెత్తిన నీళ్ళు పోస్తుంటే నేను ముందు వరసలో నిలబడి పాడనా? నా వల్ల కాదు. నాకు భయం లేదనుకోకండి. గంట మోగదంటే నాకు చాలా భయంగా ఉంది. అయినా నా వల్ల కాదు."

సౌలోసి చెయ్యెత్తాడు. "నాకొద్దే ఈ బాప్తిస్మం. ఉండిపోవే."

"నోర్ముయ్! బతుకంతా నీ ఇష్టమే సాగింది. ఈ ఒక్కసారి నా ఇష్టం."

డోరికా ఆమె కాళ్ళు చుట్టేసింది. "ఇంతకంటే నన్ను చంపెయ్ అక్కా!"

"లే, లే. ఆయన కూరలో ఉప్పు తగ్గించమంది నర్సమ్మ, మర్చిపోకు. రాత్రిళ్ళు తల కింద ఎత్తు పెట్టు, లేకపోతే ఊపిరాడదు." ఎలెమియా చెయ్యి పట్టుకుంటే నెమ్మదిగా కదిలింది.

అయ్యగారు తలగుడ్డను మడత చెదరకుండా చేతుల్లోకి తీసుకున్నారు. చివరికి, "రేపు ఆయనను తీసుకురండి," అన్నారు.

ఆదివారం కొత్త రేకుల కింద జనం కిక్కిరిశారు. సౌలోసిని ఎద్దుబండిలో తెచ్చి ముందు కూర్చోబెట్టారు. పడిపోకుండా డోరికా వీపు పట్టుకుంది. ఫలేసి ఏరు దాటి వచ్చింది గానీ లోపలికి రాలేదు. సంఘంలో లేనివాళ్ళతో పాటు గుమ్మం బయట నేల మీద కూర్చుంది. మా వరసలో ఆమె చోటు ఖాళీగా ఉంది. అటు చూడటం నా వల్ల కాలేదు.

నీళ్ళు పోసే ముందు మగవాళ్ళు తమ భార్య పేరు అందరి ముందూ చెప్పాలి. అయ్యగారు సౌలోసిని అడిగారు. మా తమ్ముడు మా భాషలో మళ్ళీ అడిగాడు. సౌలోసి నోరు తెరిచాడు, మాట రాలేదు. మూడోసారి అడిగినా రాలేదు. గడ్డం మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి. తెల్లారితే బృందం వెళ్ళిపోతుంది. మళ్ళీ పాస్టరు వచ్చేనాటికి ఈయన ఉండడు.

ఫలేసి లేచి గుమ్మం దగ్గరకు వచ్చింది. గడప దాటలేదు.

"చెప్పవయ్యా," అంది.

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు.

"డోరికా అని చెప్పు. నీ పెళ్ళాం పేరు డోరికా. చెప్పు."

"డోరికా," అన్నాడు సౌలోసి, ఫలేసిని చూస్తూ.

అయ్యగారు నీళ్ళు పోశారు. అవి మొహం మీదుగా కారుతున్నంతసేపూ ఆయన చూపు గుమ్మం మీదే ఉంది. ఫలేసి ఆ నీళ్ళు ఆగేదాకా నిలబడి, వెనక్కి వెళ్ళి మళ్ళీ నేల మీద కూర్చుంది.