టక్ మనేదాకా ఆగమన్న సాయన్న

నిన్న పొద్దున బాపుకు టిఫిన్ పెడుతుంటే ఫోన్ వచ్చింది.

"సాయన్న పోయిండు. షాపులనే, కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే."

పోయిండంటే ఎక్కడికి అని అడిగాను చూడండి. అంతలా బుర్ర పనిచేయలేదు.

మొన్న సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మూడు మిస్డ్ కాల్స్. కావాలనే ఎత్తలేదు. ఎందుకో చెప్తాను, తిట్టుకోండి.

తెలియనివాళ్ల కోసం: సాయన్న నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. బోధన్‌లో మా ఇంటి ముందుండే ముసలి వ్యాన్‌కు డాక్టర్. చెరుకు కోతల సీజన్‌లో తోటల పక్కనే ఉండటానికి బాపు అందులో మంచం, స్టవ్, ఫ్యాన్ పెట్టించుకున్నాడు. కోతలు పోయాయి. బాపు మాత్రం ఇప్పటికీ ఆ మంచం మీదే పడుకుంటాడు.

ఆ బండికి రెండు బ్యాటరీలు. ఇంజిన్‌ది "పెద్దోడు". మంచం కింద ఉండి ఫ్యాన్, లైట్ నడిపేది "చిన్నోడు". ఈ పేర్లు సాయన్న పెట్టినవే. ఇంజిన్ స్టార్ట్ చేశాక ముందు పెద్దోడికి ఛార్జింగ్. వాడి కడుపు నిండాక మధ్యలో ఉన్న రిలే అనే స్విచ్ "టక్" మంటుంది. అప్పుడే చిన్నోడికి.

ఆ టక్ మన చెవితో మనం వినేదాకా సాయన్న బండి కదలనిచ్చేవాడు కాదు. కళ్లు మూసుకుని, చెయ్యి గాల్లో పెట్టి, "ఆగు చెల్లె... ఆగు... గిప్పుడు పో" అనేవాడు.

ఒకసారి నేను నవ్వానని ఇంజిన్ ఆపేసి మళ్లీ మొదటి నుంచి వినిపించాడు. మహా చాదస్తం!

వారం నుంచి ఆ టక్ రావట్లేదు. ఫ్యాన్ ఆగిపోతోంది. ఫోన్ చేస్తే "రేపొస్త, నువ్వైతే ఏం ముట్టకు" అన్నాడు.

ఉక్కపోత. బాపుకు ఆయాసం. నేను ఆగలేదు. ఏదో వీడియో చూసి రిలే ఊడబీకి, ఇంట్లో ఉన్న సన్న లైటు వైరుతో రెండు బ్యాటరీలనూ డైరెక్ట్‌గా కలిపేశాను. ఫ్యాన్ తిరిగింది. పెద్ద ఇంజనీర్ననుకున్నాను.

అందుకే ఫోన్ ఎత్తలేదు. అడిగితే ఆయనకు అబద్ధం చెప్పలేను.

నిన్న ఆ బండిలోనే నిజామాబాద్ బయల్దేరాం. సాయన్న సంగతి బాపుకు చెప్పే ధైర్యం లేక, హాస్పిటల్‌కన్నాను. వెనక మంచం మీద పడుకున్నాడు.

ఎడపల్లి దాటాక, వెనక నుంచి

టక్.

ఊడబీకిన రిలే నా ముందే, డాష్‌బోర్డ్ అరలో, గుడ్డలో చుట్టి ఉంది. దానికి ఒక్క వైరు కూడా లేదు.

మళ్లీ, ఈసారి గట్టిగా. టక్.

పక్కకు తీసి ఆపాను. వెనక తలుపు తీస్తే కాలిన వాసన. మంచం కింద వైరు తొడుగు కరిగి, బాపు బొంత అంచు పొగలేస్తోంది. గుడ్డతో పట్టి వైరు పీకేశాను. ఇంకో ఐదు నిమిషాలైతే... రాయలేను.

బాపు లేచి కూర్చున్నాడు. పక్కన టపాసు పేలినా వినపడని మనిషి.

"ఏమే, సాయిగాడు ఎప్పుడెక్కిండు బండి?"

"ఎవ్వరెక్కలే బాపు."

"గిప్పుడే గదనే, ఆగు చెల్లె ఆగు అంటుండె."

అరలోంచి రిలే తీసి పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎండకే అయ్యుంటుంది. ఎండకే అనుకుంటున్నాను.

సాయన్న ఇంట్లో వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. "మొన్న అన్నం ముందల కూసొని గూడ నీకే ఫోన్ చేసిండు. గా పిల్ల ఆగదు, వైరు కలిపి ఉంటది, ముసలోడు గా మంచం మీదనే పంటడని ఒకటే రంది."

అన్నా, నీ తిట్లకు భయపడి ఫోన్ ఎత్తలేదు. జన్మంతా ఏడ్చినా ఆ మూడు కాల్స్ తిరిగి రావు.

ఇవాళ పొద్దున బండి స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని, నీలాగే చెయ్యి గాల్లో పెట్టి చాలాసేపు ఆగాను.

ఏ చప్పుడూ రాలేదు.

బాపు బాగున్నాడన్నా. ఇక రంది పెట్టుకోకు. నిమ్మళంగా పడుకో.