ఇద్దరికి కుట్టిన డేరా

మొన్న మా బిడ్డ నా పక్కన కూర్చుని, టీ చల్లారేలోపు, ఫోన్లోనే జన్నారం అడవిలో గది మాట్లాడేసింది. పడకలు, దుప్పట్లు, వేడినీళ్లు అన్నీ వాళ్లవేనట. "నువ్వెప్పుడన్న డేరాల ఉన్నవా అమ్మా?" అని నవ్వుతూ అడిగింది. పక్క గదిలో పేపరు చదువుతున్న మా ఆయన పేపరును కాస్త పైకెత్తి ముఖం దాచుకున్నాడు. నేను ఏం చెబుతానో ఆయనకు తెలుసు. ఈ సంగతి నేను పెళ్లిళ్లలో చెప్పాను, పురుళ్లలో చెప్పాను. మా బావ, అంటే మా ఆయన అన్న, ఎదురుగా ఉంటే మరీ వివరంగా చెప్పాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మా ఆయన దుబాయి నుంచి సెలవు మీద కోరుట్ల వచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ప్రతి సెలవూ చుట్టాలకే సరిపోయేది. ఎవరింటికి పోకపోతే వాళ్లకు కోపం. ఈసారి బిడ్డను మా అమ్మ దగ్గర ఉంచి మనిద్దరమే అడవిలో ఉందామని ఆయనే అన్నాడు. జగిత్యాల పోయి అటవీ ఆఫీసులో అనుమతి కూడా తెచ్చాడు. వాగు ఒడ్డున చదును చేసిన జాగా, ఒక బోరింగు, అంతే. కరెంటు లేదు, గది లేదు. డేరా, బియ్యం, గిన్నెలు మనమే మోసుకుపోవాలి. సిరిసిల్లలో గుడ్డ నేసే మా చిన్నాయన మందపాటి తాను ఒకటి పంపించాడు. మిషన్ సూదులు విరుగుతున్నా రెండేసి కుట్లు వేసి డేరా నేనే కుట్టాను. మా తోటికోడలు గడపలో నిలబడి, "అడవిల ఏమున్నదని పోతున్నరే? ఇంట్ల దోమలు సాలయా?" అంది. అదీ గుర్తుంది నాకు.

భయమంతా రోజుల గురించే. ఈరోజు బస్సులు నడిచాయి అనుకునేలోపు రేపు బంద్. ఆయన తిరుగు టికెట్టు తేదీ దగ్గరపడుతోంది. కనబడ్డ ప్రతివాళ్లనూ "రేపేమన్న ఉన్నదా?" అని అడిగేదాన్ని. చివరికి ఒక జీపు దొరికింది. మర్నాడు తెల్లవారగానే బయల్దేరాలి, ఆ తర్వాత ఇక రోజులు లేవు. సర్వపిండి కాల్చి మూటగడుతుంటే బావ వచ్చాడు. చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష శిబిరం పెత్తనం ఆయనదే. గాలికి షామియానా చిరిగిందట.

"నీ డేరా ఒక్క పూటకియ్యి మరదలా. పొద్దుగూకె వరకు నేనే తెచ్చిస్త."

ఇయ్యనన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేసి తమ్ముడి వైపు చూశాడు. మా ఆయన అన్నను ఏనాడు కాదన్నాడు గనక.

మధ్యాహ్నం మనసాగక చౌరస్తాకు పోయాను. నా డేరా అక్కడ డేరాలా లేదు. కుట్లన్నీ బ్లేడుతో విప్పి, పరదాలా పరిచి, నాలుగు గుంజలకు కట్టారు.

"చిన్నగున్నదని విప్పినం. మళ్ల కుట్టుకుంటే అయిపాయె," అన్నాడు బావ, మెడలో దండతో.

"నేను ఇద్దరికి కుట్టిన బావా. గిప్పుడే ఇయ్యి, తెల్లారి పోవాలె."

దండలు వేసుకుని కూర్చున్నవాళ్లంతా తలలు దించుకున్నారు. వాళ్లలోంచి బీడీలు చేసే ముసలమ్మ ఒకతె లేచింది. "తీస్కపో బిడ్డ. మేం కొంగులు కప్పుకుంటం," అంటూ తనే తాడు ముడి విప్పింది. గుడ్డ ఒక పక్కకు జారింది. పొద్దుటి నుంచి మంచినీళ్లతోనే ఉన్నవాళ్ల ముఖాల మీద ఎండ పడింది. ఆ ముసలమ్మ కళ్లు మూసుకుని గుంజ పట్టుకుంది. నేనే పోయి తాడు మళ్లీ కట్టాను. పొద్దుగూకినంక తీసుకుపోతానని చెప్పి అక్కడే కూర్చున్నాను, వదిలి పోతే ఇంకేం విప్పుతారోనని.

కాసేపటికి మా ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. పైకి చూసి, "డేరా మంచిగ కుట్టినవ్," అన్నాడు. మైకు పట్టుకున్న అన్న వైపు కళ్లతోనే చూపిస్తూ, "పులి గూడ ఈడనే ఉన్నది," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం ఆ పులే మైకులో చెప్పింది, రేపు బంద్, ఒక్క బండి కదలొద్దని. జీపువాడు రానన్నాడు. అడవే లేనప్పుడు ఇక గుడ్డెందుకని దాన్ని అక్కడే వదిలి వచ్చాను. బంద్ అయిపోయేసరికి మా ఆయన సెలవూ అయిపోయింది. సర్వపిండి మూట దుబాయికి పోయింది.

డేరా తిరిగి రాలేదు. రాష్ట్రం వచ్చిందని బావ మిఠాయి పట్టుకొస్తే ముందు అదే అడిగాను. "అది చరిత్రల కలిసింది మరదలా," అన్నాడు. "చరిత్రకు నేనేం కుట్టలేదు బావా," అన్నాను. మిఠాయి మాత్రం తీసుకున్నాను.

ఇదంతా మా బిడ్డకు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మా ఆయన పేపరు దించి, "ఒక పూట ఉన్నం గదా దాని కింద," అన్నాడు. అది లెక్కకు రాదన్నాను. చుట్టూ అంతమంది, నెత్తిన మైకు, అదేం అడవి? ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ సెలవులో ఇంకేం చేశామో, ఎవరింట్లో ఏం తిన్నామో ఎంత తవ్వినా గుర్తుకు రాదు. అంత కాలంలోంచి నా దగ్గర మిగిలింది ఆ ఒక్క పూట నీడే.