ముందు బల్ల మీద ముత్తవ్వ

ముత్తవ్వ రోజూ మధ్యాహ్నం హోటల్లోనే తింటుంది, అదీ చేపల పులుసుతో. బోధన్ రోడ్డు మీద ఈ సంగతి తెలియని బండివాడు లేడు. కొత్తగా వచ్చినవాళ్ళు "ముసల్దాని రాజభోగం సూడు" అని కుళ్ళుకుంటారు. కుళ్ళుకోనివ్వండి. వాళ్ళకేం తెలుసు!

ఆ హోటల్ ఆమె కొడుకు లింబయ్య పెట్టింది. హోటలంటే ఏముంది, చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు వరుస కట్టే చోట నాలుగు గుంజలు, చెరుకాకు కప్పు, రెండు బల్లలు. లింబయ్య పొద్దున్నే మంజీరలో వల వేసి బొచ్చె చేపలో వాలుగ చేపలో పట్టుకొచ్చేవాడు. ముత్తవ్వ పొలుసు గీకేది. కోడలు అంజవ్వ పులుసు కాచేది. ముత్తవ్వ మాత్రం ఆ బల్ల మీద ఏనాడూ కూర్చోలేదు. "మన హోటల్ల మనమే గిరాకోళ్ళ లెక్క కూసుంటమారా, సిగ్గు లేదా?" అని కొడుకును కసిరేది. ఇంటికి పోయి, తలకాయ ముక్క వాడి కంచంలో వేసి, మిగిలింది తను తినేది.

ఒక వానాకాలం మంజీర పొంగి లింబయ్యను తీసుకుపోయింది. తెప్ప దొరికింది, వల దొరికింది, మనిషి దొరకలేదు.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టడి ఉంది. ఏటి పాలైన మనిషి శవం దొరికి మట్టిచేసేదాకా ఆ ఇంటివాళ్ళు చేప ముట్టరు. ఆ నీళ్ళల్లో చేప ఏం తిని బతికిందో ఎవరికి తెలుసు? ముత్తవ్వకు ఆ కట్టడి బరువనిపించలేదు. చేప ముట్టనంత కాలం, కొడుకు ఏదో ఒడ్డున దొరుకుతాడన్న ఆశ కొంచెం మిగిలి ఉండేది.

ఆశ సరే, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఆకలి అంటున్నారే! చెరుకు బండ్లు మొదలవగానే అంజవ్వ కులపోళ్ళ దగ్గర చేపలు తెచ్చి మళ్ళీ పొయ్యి రాజేసింది. మొదటి రోజే లింబయ్య దోస్తు, ఫ్యాక్టరీలో పనిచేసే మార్కండేయ వచ్చి కూర్చున్నాడు. ముద్ద కలిపి ఆగాడు.

"నువ్వు తిన్నవా అంజవ్వా?"

అబద్ధమాడితే పోయేది. ఆ పిచ్చితల్లికి అది చేతకాలేదు. "మేం ముట్టం అన్నా," అంది.

మార్కండేయ ఆకు ముందుకు నెట్టేశాడు. "ఇంటోళ్ళు ముట్టనిది మేమెట్ల తింటం? గా మంజీరల మావోడున్నడు."

మిగతావాళ్ళూ లేచిపోయారు. ఆ మాట బండ్ల వరుస పొడుగునా పాకింది. రోజూ కాచిన పులుసు రోజూ గుంటలో పోసుకోవలసి వచ్చింది. చివరికి అంజవ్వ, "అత్తా, పిల్లలను తీస్కొని సెరుకు నరికే గుంపుల పోత," అంది. చెరుకు తోటల్లో పసిపిల్లలు ఎట్లా బతుకుతారో ముత్తవ్వ చూసింది.

మర్నాడు బండ్లు కిక్కిరిసిన వేళ వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది.

"ఇస్తరాకు ఎయ్యి బిడ్డా. తలకాయ ముక్క పెట్టు."

"అత్తా, నీ కాళ్ళు మొక్కుత, వద్దే!"

"పెట్టు. అందరు సూస్తున్నరు, పెట్టు!"

అంజవ్వ వడ్డించింది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగితే అనుమానపడతారని తాగలేదు, బలవంతాన మింగింది. ముల్లు ముల్లూ చీకింది. కన్నతల్లి కదా, ఆ నోటికి ఏం రుచి తగిలిందో నేను చెప్పలేను. ఆకు ఖాళీ అయ్యాక గట్టిగా "మారు ఎయ్యి" అని కూడా అడిగింది.

రోడ్డు మీద నిలబడి చూస్తున్న మార్కండేయ బీడీ పారేశాడు. చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. అతని వెనక ఒక్కొక్కరే వచ్చారు.

ముత్తవ్వ హోటల్ వెనక్కి పోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. కక్కితే ఎవరైనా చూస్తారని భయం. ఇక కొడుకు దొరకడని ఆమెకు అప్పుడే ఖాయమైంది. ఈ ఒక్కపూటతో అయిపోతుంది కదా అనుకుంది.

ఎక్కడ అయింది! తెల్లారి బండివాళ్ళు వచ్చి, "అవ్వ ఏది? అవ్వ తినలే?" అని నిలబడ్డారు. అంజవ్వ ఇంటికి పరుగెత్తింది. ముత్తవ్వ కొంగు సర్దుకుని లేచింది.

అప్పటి నుంచీ అంతే. ఏళ్ళు గడిచాయి, మనవరాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. అడిగినవాళ్ళు ఎందుకడిగారో మరిచిపోయారు. అలవాటు మాత్రం పోలేదు, ముత్తవ్వ తిననిదే బోణీ కాదు.

మొన్న ఒక కుర్ర ట్రాక్టర్ డ్రైవర్ ఎదురు బల్ల మీద కూర్చుని, "నీ నసీబు మంచిగున్నదవ్వా, రోజు సేపలే!" అన్నాడు నవ్వుతూ.

"ఔ బిడ్డా," అంది ముత్తవ్వ. "నా కొడుకు పెడుతున్నడు."

పొయ్యి దగ్గర అంజవ్వ గరిటె ఆగిపోయింది. ముత్తవ్వ తలకాయ ముక్కను దగ్గరికి జరుపుకుని, ముద్ద కలుపుకుంది.