లోపల అల్లుడు, బయట అల్లుడు

ఈ కథ ఆఖర్న నేను మా అల్లుణ్ణి చీపురుతో కొడతాను. ముందే చెప్పేస్తున్నాను. అయ్యో, కొట్టకపోతే బాగుండునని మీరెంత అనుకున్నా కొట్టే తీరతాను. నా చదువు సంతకం దాకానే, అది కూడా సగం దారిలో వంకర తిరుగుతుంది. అందుకని నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. దెబ్బలు తిన్నది వాళ్ల నాన్నే కాబట్టి ఒక్క దెబ్బ కూడా వదలకుండా రాస్తానంటోంది.

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ మిషన్లు దాటాక, గనుల వైపు ఆఖరి ఇల్లు మాది. అక్కడ చెట్టుకు పచ్చదనం ఉండదు, కాకికి నలుపు ఉండదు. రాతిపొడి పడి అన్నీ ఒకే రంగు. సాయంత్రం పని ఆగాక ఖాళీ గుంతల్లోకి గాలి దూరి, ఎవరో నిద్రలో మూలిగినట్టు మూలుగుతుంది. మా ఆయన బతుకంతా ఆ మిషన్ల దగ్గరే పనిచేసి, ఆ పొడిని రొమ్ములో నింపుకుని, దగ్గి దగ్గి పోయాడు. ఆయన గదికి తాళం వేసి ఉంచాను. దీపం పెట్టడానికి తప్ప తీసేదాన్ని కాదు.

అల్లుడు మద్దిలేటి కర్నూల్లో ఇళ్లు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆయన ప్రాజెక్టు మేనేజిమెంటు పరీక్ష రాయాలన్నాడు. పెద్ద పని పట్టుకుని, చెప్పిన రోజుకు, చెప్పిన ఖర్చులో ముగించడం ఈ మనిషికి చేతనవునని కాగితం ఇస్తారట. మా ఇల్లు కట్టిన మేస్త్రీకి ఆ పరీక్ష పెట్టుంటే ఇప్పటికీ రాస్తూనే ఉండేవాడు. నవ్వు అటుంచండి. పాసైతే కర్నూల్లోనే పెద్ద ఉద్యోగం, తప్పితే ఒరిస్సాలో ఏదో సైటుకు పంపుతారు. మా కూతురు పద్మ కడుపులో అప్పుడు ఈ రాసే పిల్ల ఉంది.

"అమ్మా, ఈడ పక్కిళ్ల గోలకు ఆయనకు చదువు సాగడంల్యా. మన ఇంటికి పంపిస్తాండా. నాయన గది ఇయ్యి" అంది పద్మ. ఇచ్చాను.

మా ఇళ్లలో అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది గోడకో, పసిబిడ్డకో చెబితే అల్లుడు వింటాడు. నా ఇంట్లో పసిబిడ్డ లేదు, మేక ఉంది.

"మేకా, రొట్టె చల్లారుతాండాది" అని నేను వంటింట్లోంచి అనేదాన్ని.

"మేకా, ఈ పాఠం అయినాంక తింటానని మీ అమ్మకు చెప్పు" అని ఆయన గదిలోంచి అనేవాడు.

మేక ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా కాపురం సాగింది.

ఒకరోజు పొద్దుగూకే వేళ రొట్టె పెట్టడానికి పోయి తలుపు సందులోంచి చూశాను. గుండె జారి గిన్నెలో పడింది. నేలంతా రాతిముక్కలు పరిచాడు. ముక్కకూ ముక్కకూ తెల్లదారం. అన్నిటి మధ్యలోంచి ఒక్క ఎర్రదారం పాములాగా మెలికలు తిరిగి గడప దాకా వచ్చింది. నడుమ అల్లుడు కళ్లు మూసుకుని కూర్చుని, ఎర్రదారం మీది రాళ్లను ఒక్కొక్కటీ తడుముతూ, "ఈ దారిలో ఒక్కటి ఆలస్యమైతే అంతా ఆలస్యమే" అంటున్నాడు. కొంచెం ఆగి, "ముప్పు వస్తే తప్పించుకో. లేదా తగ్గించుకో. లేదా ఇంకొకరి నెత్తిన పెట్టు. ఏదీ కాకుంటే మొయ్యి" అన్నాడు.

ఇంకొకరి నెత్తిన! ఇంట్లో ఉన్న ఇంకొకరు ఎవరు? నేను. మేకను కలిపితే ఇద్దరం.

పక్కింటి కాశింబీని పిలిచి చూపించాను. గోడ వెనక్కి వచ్చాక ఆమె మెల్లగా అంది. "వదినా, ఇది చదువు కాదు."

"పరీక్షకేనంటనే."

"మా పెద్దోడు పదో తరగతి ఎన్నితూర్లు రాసినాడు? ఒక్కతూరన్నా రాళ్లకు దారాలు కట్టినాడా?"

"అన్నితూర్లూ తప్పినాడు గదే."

"తప్పితే తప్పినాడు, మనిషి తప్పినట్ల తప్పినాడు. ఇది అట్ల ల్యా. ఆ గది మీ ఆయప్పది. ఆ అన్నే ఈయప్ప మీదికి వచ్చినాడేమో."

"నిజమేందో అల్లుణ్ణే అడిగితే?"

"అడుగు మల్ల."

"నేనెట్ల అడిగేది? మేక అడగాల."

"అన్న గొంతు వినపడితే మాత్రం తలుపుకు గొళ్లెం పెట్టు. అల్లుణ్ణి ఎంబడి తీస్కపోతాడు. చీపురు దగ్గర పెట్టుకో. దయ్యానికి చీపురంటే సిగ్గు."

పరీక్ష ముందురోజు రానే వచ్చింది. పరీక్ష హైదరాబాదులో. ఆ సాయంత్రం రైలుకు డోన్ పోయి, అక్కడ ఇంకో రైలెక్కాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను పెరట్లో జొన్నలు చెరుగుతూ కూర్చున్నాను. ఎండ పల్చబడింది. గుంతల్లో గాలి మూలగడం మొదలుపెట్టింది. అప్పుడు గదిలోంచి అల్లుడి గొంతు వినబడింది. "ముప్పు వచ్చినాంక వెతుక్కోకూడదు, రాకముందే గుర్తుపట్టాల..." తర్వాత గొంతు ఆగింది. గరగరమని చప్పుడు. దాని వెనక దగ్గు.

ఆ దగ్గు నాకు తెలియదా? ఎన్ని రాత్రులు ఆ దగ్గుకు లేచి కూర్చున్నానో ఆ దేవుడికే తెలుసు.

"ఏమే, యాడ పోతివి? రొన్ని నీళ్లు తీస్కరా" అన్నాడు మా ఆయన గదిలోంచి.

నిజం చెబుతున్నాను, ముందు నా చేయి చెంబు మీదికే పోయింది. తర్వాత పద్మ గుర్తొచ్చింది, దాని కడుపు గుర్తొచ్చింది. చెంబు వదిలేసి పరుగున పోయి బయట గొళ్లెం పెట్టాను. గడపకు అడ్డంగా నిలబడి, "నువ్వొక్కడివే పోయినావు, ఒక్కడివే ఉండు. నా బిడ్డ మొగుణ్ణి ఇయ్యను" అన్నాను. లోపల మళ్లీ అల్లుడి గొంతు పాఠం అందుకుంది. హమ్మయ్య, ఉన్నాడు అనుకుంటూ వెనక్కి తిరిగాను.

వాకిట్లో ఒక మనిషి. తల నుంచి పాదాల దాకా తెలుపు. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, పెదాలు తెలుపు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అది నోరు తెరిచి మా అల్లుడి గొంతుతో అంది. "అత్తా, తలుపు తీయండి. రైలుకు టైమైతాండాది."

లోపల అల్లుడు చదువుతున్నాడు. బయట అల్లుడు పిలుస్తున్నాడు. పైగా నన్ను ఎదుటపడి 'అత్తా' అంటున్నాడు. మా అల్లుడు చచ్చినా అలా పిలవడు. ఇక అనుమానమేముంది? తలుపు పక్కన పెట్టుకున్న చీపురు అందుకున్నాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను చచ్చినోడి మీద భయం బతికినోడి వీపు మీద చూపించాను. ఒక్కో దెబ్బకు ఒక్కో మేఘం లేచింది. ఎంత కొడితే అంత పొగ. దయ్యం కరిగిపోతోందనుకుని ఇంకా కొట్టాను.

"అత్తా, నేనే!"

"లోపలుండేది ఎవరురా మల్ల?"

అప్పుడే గదిలో టక్కుమని శబ్దమైంది. పాఠం సగంలో ఆగిపోయింది. బయట అల్లుడు ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని, నన్ను చూడడం మానేసి, మేకను కట్టిన గుంజ వైపు తిరిగి ఓపిగ్గా అన్నాడు. "మేకా, లోపలుండేది టేపురికార్డరని మీ అమ్మకు చెప్పు."

చీపురు చేతిలోంచి జారిపోయింది. ఏ దయ్యమైనా సరే, మేకకు చెప్పాలని దానికెట్లా తెలుస్తుంది?

ఆ రాళ్లు పనులట, ఎర్రదారం ఒక్కటీ ఆలస్యం కాకూడని పనుల వరసట. పాఠాలన్నీ ఆయన తన గొంతుతోనే టేపులో ఎక్కించుకుని వింటున్నాడు. క్యాసెట్టు అల్లుడికి మా ఆయన పెట్టెలో దొరికింది. మా ఆయన తన భజన పాటలు ఎక్కించుకుందామని కూర్చుని, దగ్గు వచ్చి, నన్ను నీళ్లడిగిన క్యాసెట్టు అది. పాఠానికీ పాఠానికీ మధ్య చెరగని ముక్కలో ఆ మాటలు మిగిలిపోయాయి. కరెంటు పోయినప్పుడు అల్లుడు టేపు మీట పైకి లేపకుండా, పద్మకు ఫోన్ చేయడానికి ఎస్టీడీ బూతుకు పోయాడు. వచ్చేటప్పుడు పొడి బస్తాల లారీ ఒకటి పక్కనుంచి పోయి ఆయన్ని అలా చేసింది. ఈలోగా కరెంటు వచ్చింది. టేపు దానంతటదే పాడింది.

ముఖం కడుక్కునే సమయం కూడా లేదు. కాశింబీ రోడ్డుకు అడ్డం నిలబడి బండల లారీ ఆపింది. మద్దిలేటి పుస్తకాల సంచి పట్టుకుని, తెల్లగా అలాగే ఎక్కాడు. డ్రైవరు రెండుసార్లు ఆయన పాదాల వైపు చూశాడట, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని.

మరునాడంతా నేను అన్నం ముట్టలేదు. ఆయన తప్పితే నా చీపురే నా బిడ్డను ఒంటరిని చేసినట్టు. సాయంత్రం కాశింబీ ఇంటికి ఫోన్ వచ్చింది.

"అమ్మా, పాసైనాడు" అంది పద్మ. "పొద్దున కంప్యూటర్లో రాయంగనే అక్కడికక్కడే చెప్పినారంట, ఇప్పుడే ఇంటికొచ్చినాడు. ఎంత లెక్క వేసినా ఎవరూ ఊహించని ముప్పు ఒకటి మిగుల్తాదంట. దానికేం చేయాలని అడిగినారంట. నీ చీపురు గుర్తొచ్చి, దానికని ముందే రొంత డబ్బు, రొంత టైము పక్కకు తీసిపెట్టాలని రాసినాడంట. ఇద్దో, మాట్లాడతాడంట."

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. అటు నుంచి అల్లుడి గొంతు మెల్లగా వినబడింది. "మేక ఉండాదా పక్కన?"

అందుకని అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఎంత తెల్లగా వచ్చినా అల్లుడి మీద ఇక చీపురెత్తను. దయ్యం మీద కూడా ఎత్తను. ముందు చెంబుతో నీళ్లిస్తాను. అడిగేది మన మనిషే కావచ్చు.